చదవమని ఎవరన్నారు?

గ్రంథాలయం నుంచి సంచి నిండా పుస్తకాలు తెచ్చుకుని, గడువు తేదీకి అదే సంచిలో, అట్ట కూడా తెరవకుండా తిరిగిచ్చే వర్గం ఒకటి మన సమాజంలో ఉంది. ఈ వర్గానికి ఇంతవరకూ సంఘం లేదు, జెండా లేదు, ఇంట్లో గౌరవం అసలే లేదు. పెళ్లిలో విస్తరి నిండా వడ్డించుకుని సగం వదిలేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు గానీ, మమ్మల్ని మాత్రం "ఇవన్నీ ఎప్పుడు చదువుతారు?" అని రోజూ నిలదీస్తారు.

ముందు శాస్త్రం చూద్దాం. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అచ్చు వేయించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో మొదటిది: పుస్తకాలు ఉపయోగించడానికే. గమనించండి, చదవడానికే అనలేదు. లెక్కలు చెప్పిన ప్రొఫెసరు, మాట తూచి వాడతారు. మా ఇంట్లో ఆ ఉపయోగం నిరాటంకంగా సాగుతోంది. ఒక లావుపాటి చరిత్ర గ్రంథం లాప్‌టాప్‌ను కంటి ఎత్తుకు చేర్చింది. వీడియో కాల్‌లో నా వెనక కనబడే కవితా సంపుటాలను చూసి మేనేజరు రెండు మాటలు తక్కువ తిడుతున్నాడు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్నది మూడో సూత్రం. ఏ జన్మలో అన్నది ఆయన చెప్పలేదు. ఇక నాలుగోది నాకు ప్రాణం: పాఠకుడి సమయం ఆదా చేయాలి. 800 పేజీల నవలను చదవకుండా తిరిగివ్వడం కన్నా ఎక్కువ ఆదా చేసే పద్ధతి ఉంటే లైబ్రరీ సైన్స్ వాళ్లే చూపించాలి.

చరిత్ర కూడా మా పక్షమే. అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1935 నాటికి కృష్ణా కాలువల్లో పుస్తకాలు పడవెక్కి ఊళ్లకు వెళ్లాయి. పుస్తకం జనం దగ్గరికి చేరాలన్నది ఆ పెద్దల తపన. నా స్కూటరు ముందు భాగంలో రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని అది చేరుతూనే ఉంది. చేరాక ఏం జరగాలన్నది మన విజ్ఞతకు వదిలేశారని నా అభిప్రాయం.

పైగా ఏళ్ల తరబడి ఎవరూ తీసుకోని పుస్తకం గతి ఏమిటి? బీరువా అడుగు, తర్వాత తూకం. వెనక అతికించిన తేదీల చీటీ మీద నా పేరున పడిన ముద్ర దాని ఆయుష్షు పెంచుతోంది. ఆ ధర్మం కోసమే కుటుంబ సభ్యులందరికీ కార్డులు చేయించాను. అస్తిత్వవాదం మా అత్తగారి కార్డు మీద ఉంది. ఆవిడకు ఈ సంగతి తెలియదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నవాణ్ణి, ఆమాత్రం హక్కు నాకు లేదా?

అమెరికాలో పరిస్థితి ఆందోళనకరంగా ఉంది. షికాగో 2019లో, న్యూయార్క్ 2021లో ఆలస్య రుసుములు ఎత్తేశాయి. షికాగోలోనైతే, భయం పోయేసరికి జనం పాత పుస్తకాలు పట్టుకొచ్చి తిరిగిచ్చేశారట. ఇంత క్రమశిక్షణారాహిత్యం మన దగ్గర రాకూడదు. ఫైన్ కట్టే నాలుగు రూపాయలే మాకూ సాహిత్యానికీ మధ్య మిగిలిన బంధం.

కాబట్టి ఏటా నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉత్తమ పాఠకుడితో పాటు ఉత్తమ అరువుదారునూ సన్మానించాలని డిమాండ్ చేస్తున్నాను. శాలువా చాలు. పుస్తకాలు మాత్రం బహూకరించవద్దు. తిరిగిచ్చే గడువు లేని పుస్తకాన్ని ఇంట్లో పెట్టుకుని నేనేం చేసుకోను?