జాన్ మ్యూర్ పక్కన వంతలు లేరు

1983లో లీ స్టెట్సన్ అనే నటుడు అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, అడవుల రక్షణ కోసం పోరాడిన జాన్ మ్యూర్ వేషం కట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కడుతూనే ఉన్నాడు. పెద్ద గడ్డం, స్కాట్లాండ్ యాస, ఎదురుగా టూరిస్టులు. మ్యూర్ 1892లో సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం పెట్టాడనీ, 1903లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌ను వెంటబెట్టుకుని అక్కడి అడవిలో మూడు రాత్రులు గడిపాడనీ పుస్తకంలో చదివితే పావుగంటలో మర్చిపోతాం. అదే ఓ ముసలాయన మన ముందే నిలబడి, శాన్‌ఫ్రాన్సిస్కో నీళ్ల కోసం కట్టే డ్యామ్ కింద ఆ పార్కులోని హెచ్‌హెచీ లోయ మునిగిపోతుందేమోనని టెన్షన్ పడుతుంటే 1913 నాటి గొడవ నిన్నటి వార్తలా తగులుతుంది. వేషానికి ఉన్న బలం అదే.

నా పేచీ అంతా ఆ ఒంటరి వేషంతోనే. స్టేజీ మీద ఒక్కడే ఉంటే ఆయన చెప్పిందే చరిత్ర. 1906 భూకంపంలో, ఆ తర్వాతి మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో కాలిపోయాక ఊరికి నీళ్లు కావాలని అడిగినవాళ్లంతా దుర్మార్గులేం కాదు. డ్యామ్‌ను సమర్థించిన గిఫర్డ్ పిన్‌షో కూడా అడవుల్ని కాపాడాలన్న మనిషే, అమెరికా అటవీ శాఖకు అధిపతిగా పనిచేసినవాడు. అడవిని ముట్టుకోకుండా ఉంచాలా, జాగ్రత్తగా వాడుకోవాలా అన్నదే తగాదా. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే తప్ప ప్రేక్షకుడికి అది అర్థం కాదు. ఇక 1851లో సాయుధ దళాలు యోసెమిటీ లోయ నుంచి తరిమేసిన అవానీచీ ఆదివాసుల సంగతి ఎవరు చెప్పాలి?

ఈ లోటును కొంత పూడ్చింది షెల్టన్ జాన్సన్. యోసెమిటీలో రేంజర్‌గా పనిచేసిన ఆఫ్రికన్ అమెరికన్. 1899 నాటి ఒక ఫొటోలో అక్కడ పనిచేసిన నల్లజాతి సైనికులను చూసి, వాళ్లలో ఒకడిలా యూనిఫాం వేసుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. 1916లో నేషనల్ పార్క్ సర్వీస్ పుట్టకముందు యోసెమిటీ లాంటి పార్కులకు చాలాకాలం కాపలా కాసింది సైన్యమే మరి. రూజ్‌వెల్ట్ వచ్చిన ఆ 1903లోనే నల్లజాతి దళాలు అక్కడ గుర్రాల మీద గస్తీ తిరిగాయి. నా దృష్టిలో మ్యూర్ వేషం కన్నా ఇదే పెద్ద పని, ఎందుకంటే మ్యూర్‌ను ఎవరూ మర్చిపోలేదు.

మన దగ్గర ఈ ఒంటరి వేషం సమస్యే రాకూడదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలుంటారు, ఒకడు రాజకీయం మాట్లాడతాడు, ఇంకొకడు హాస్యంతో గాలి తీసేస్తాడు. 1882 మద్రాసు అటవీ చట్టం కథ చెప్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంది? రిజర్వు అడవి పేరుతో పోడును అడ్డుకోవడం 1922 నాటి రంప తిరుగుబాటుకు ఒక ప్రధాన కారణం. అల్లూరిని ఎన్నిసార్లు స్టేజీ ఎక్కించాం! చట్టం తెచ్చిన అటవీ అధికారిని మాత్రం తిట్టించుకోవడానికే తప్ప, ఎందుకు తెచ్చావని అడగడానికి ఎక్కించినట్టు లేదు. రైల్వే స్లీపర్లకూ ఓడలకూ కలప, ఖజానాకు ఆదాయం, దాంతోపాటు అడవులు తరిగిపోతున్నాయన్న భయం... ఇవన్నీ ఆయన నోటితోనే చెప్పించాలి. హాస్య వంత ఊరుకుంటాడా, "మరి కలప కొట్టిందెవరు దొరా?" అంటాడు.

ఆ కథ పాడేరులోనో రంపచోడవరంలోనో ఆడితే, జనం అడిగే మొదటి ప్రశ్న పోడు పట్టాల గురించే అవుతుంది. 1882 నాటి దొర వేషంలో ఉన్నవాడు దానికి ఏం చెబుతాడో వినాలని నాకైతే ఉంది.