ఎర్రగా ఉండే బిడ్డకూ రక్తం చూడండి సామీ

ఒకే మాయ పంచుకున్న కవలలు పుడతారు. ఒకడు పాలిపోయి ఉంటాడు, ఇంకొకడు దానిమ్మగింజ రంగులో ఉంటాడు. తిరుపతిలో ఏ ప్రసూతి వార్డు బయటైనా అవ్వలు అనే మాట ఒకటే: "ఎర్రోడు బాగుండాడు, తెల్లోడికే రక్తం లేదంట." అవ్వలు అంటే సరే. రెఫరల్ చీటీ రాసేవాళ్లు కూడా అదే లెక్కన తెల్లోడిని ఒక్కడినే 108 ఎక్కించి తిరుపతికో వేలూరుకో పంపి, ఎర్రోడిని తల్లి పక్కన వదిలేస్తే ఎట్లా? ఇద్దరూ పేషెంట్లే. ఇద్దర్నీ కలిపే పంపాలి.

జరిగేది ఇదీ. మాయ మీద ఇద్దరి రక్తనాళాలూ అక్కడక్కడా కలిసి ఉంటాయి. ఆ కలిసే నాళాలు ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే, రోజుకు 5 నుంచి 15 మి.లీ. రక్తం ఒకడి నుంచి ఇంకొకడికి వారాల తరబడి జారుతుంది. ఒకడికి రక్తం తగ్గి, ఇంకొకడికి ఎక్కువయ్యే ఈ స్థితినే ట్యాప్స్ అంటారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ డాక్టర్లు 2007లో దీనికి ఆ పేరు పెట్టారు. ఇందులో ఉమ్మనీరు ఇద్దరికీ సమానంగానే ఉండొచ్చు. అందుకే "స్కాన్‌లో నీరు బాగుంది" అనే మాటను నమ్ముకుని కూర్చోకూడదు. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి చేసే స్కాన్‌లో ఇద్దరి మెదడు రక్తనాళంలో వేగం డాప్లర్‌తో కొలిస్తేనే ఇది బయటపడుతుంది.

పుట్టాక చేయాల్సింది ఖర్చైన పనేం కాదు. ఇద్దరికీ హిమోగ్లోబిన్, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం), రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టే ఎర్రకణాల లెక్క) చూడాలి, అదీ రక్తం ఎక్కించక ముందే. ఎక్కించాక తీసిన శాంపిల్‌తో అసలు సంగతి తేలదు. ఇద్దరి హిమోగ్లోబిన్ మధ్య తేడా డెసిలీటరుకు 8 గ్రాములు దాటి, తెల్లోడి రెటిక్ కౌంట్ ఎర్రోడి దానికి 1.7 రెట్లు దాటితే అది పాత జబ్బు, ట్యాప్స్. తేడా అంతే ఉండి రెటిక్ నిష్పత్తి తక్కువుంటే, కాన్పు సమయంలో రక్తం తెల్లోడి నుంచి ఎర్రోడికి ఒక్కసారిగా పోయిందని అర్థం.

ఈ తేడా తెలుసుకోకుండా బ్లడ్ బ్యాగ్ తగిలించడమే మాకు ఎక్కువ భయం. ఒక్కసారిగా రక్తం పోయినవాడు షాక్‌లో ఉంటాడు. వాడికి కిలోకు 10 మి.లీ. సెలైన్ వెంటనే ఇవ్వాలి, ఆ వెనకే ఓ నెగెటివ్ రక్తం ఎక్కించాలి. వారాలుగా పోగొట్టుకున్నవాడిది వేరే కథ. రక్తం పలచబడింది గానీ పరిమాణం తగ్గలేదు, గుండె అప్పటికే లాగలేక లాగుతోంది. వాడికి గబగబా పోస్తే గుండె చేతులెత్తేస్తుంది. ప్యాక్డ్ సెల్స్ (ప్లాస్మా చాలావరకు తీసేసిన ఎర్రకణాలు) కిలోకు 10 నుంచి 15 మి.లీ. లెక్కన మూడు నాలుగు గంటలు పట్టేలా ఎక్కించాలి. హిమోగ్లోబిన్ మరీ అడుగంటితే పలచని రక్తం కొంత తీస్తూ, అంతే ప్యాక్డ్ సెల్స్ ఇస్తూ పోవాలి.

ఇక "బాగుండే" ఎర్రోడి సంగతి. పీసీవీ 65 దాటితే రక్తం చిక్కబడి సన్న నాళాల్లో కదలదు. బిడ్డ పాలు లాగడు, మత్తుగా పడుకుంటాడు, వణుకుతాడు. షుగర్ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రెండో రోజుకల్లా కామెర్లు వస్తాయి. మడమకు గుచ్చి తీసిన రక్తంలో పీసీవీ ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి సిర నుంచి తీసిందే లెక్క. పుట్టిన రెండు గంటలకు అది శిఖరానికి చేరుతుంది, అప్పుడొకసారి, 12, 24 గంటలకు మళ్లీ చూడాలి. ఇంకో చిక్కు: చిక్కటి రక్తంలో గ్లూకోమీటర్ స్ట్రిప్ షుగర్‌ను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ల్యాబ్‌కు పంపండి, రిపోర్టు కోసం వైద్యం మాత్రం ఆపొద్దు.

లక్షణాలుండి 65 దాటినా, లక్షణాల్లేకున్నా 75 దాటినా పాక్షిక రక్తమార్పిడి చేస్తారు. లెక్క కష్టం కాదు. రెండు కిలోల బిడ్డ, కిలోకు 85 మి.లీ. చొప్పున ఒంట్లో 170 మి.లీ. రక్తం. పీసీవీ 72, కావాల్సింది 55. తేడా 17ను 72తో భాగించి 170తో గుణిస్తే సుమారు 40 మి.లీ. బొడ్డుసిర నుంచి 5 మి.లీ. చొప్పున తీస్తూ, అంతే నార్మల్ సెలైన్ ఇస్తూ పోవాలి. ప్లాస్మా అక్కర్లేదు. సెలైన్ ఇవ్వకుండా ఉత్తగా రక్తం తీసేస్తే పరిమాణం పడిపోయి ప్రసరణ ఇంకా దెబ్బతింటుంది. తర్వాత పేగు మీద ఓ కన్నుంచాలి, పొట్ట ఉబ్బితే పాలు ఆపాలి.

"ఆ తీసిన నలభై తెల్లోడికే పోయొచ్చు కదా, ఇద్దరిదీ ఒకే గ్రూపే కదా" అని ప్రతి తండ్రీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ అది సిరంజీలో కొంచెం కొంచెంగా వచ్చిన రక్తం. గడ్డకట్టకుండా కొలిచిన మందు పడలేదు, పరీక్షలు జరగలేదు, రానురాను సెలైన్ కలుస్తూ పలచబడింది. బ్లడ్ బ్యాంకు సంచికి అది సాటిరాదు.

మాయను అప్పుడే బకెట్లో పడేయకండి. తిరగేసి చూస్తే ఒక సగం పాలిపోయి, ఇంకో సగం ముదురెరుపుగా కనబడుతుంది. ఫొటో తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. రంగు ఎక్కించి నాళాలు చూడాలంటే ఫార్మలిన్‌లో వేయకూడదు.

డిశ్చార్జి రోజు తల్లిదండ్రులు అడిగి తీసుకోవాల్సినవి: ఇద్దరి మొదటి పీసీవీ రాసిన కాగితం, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడో తేదీ, వినికిడి పరీక్ష చీటీ. ట్యాప్స్‌లో రక్తం పోగొట్టుకున్న బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. వినికిడి కోసం మాత్రం ముందు తెల్లోడిని చూపించండి.