పంది టెన్షన్ నానోగ్రాముల్లో

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో అడవి పందుల మానసిక పరిస్థితిపై ఇంతవరకు ఒక్క సమీక్షా సమావేశం జరగలేదు. వర్షపాతం మీద జరుగుతుంది, ధాన్యం కొనుగోళ్ల మీద జరుగుతుంది, యూరియా మీద ఏటా జరుగుతుంది. రాత్రి పల్లి చేలో దిగి, తెల్లారేదాకా ముట్టెతో సాళ్లు తిరగేసి, టార్చిలైటు పడగానే పిల్లాజెల్లాతో కంది చేలోకి ఉరికే ఆ జీవి ఎంత ఒత్తిడిలో బతుకుతోందో ఏ అధికారీ ఆరా తీయలేదు. ఈ లోటును ఇకనైనా పూడ్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

వేళాకోళమనుకునేవారికి ముందు శాస్త్రం చెబుతాను. బెదిరిన జంతువు ఒంట్లో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ వదులుతాయి. నెత్తురు పరీక్షిస్తే అది తెలుస్తుంది. కానీ నెత్తురు కావాలంటే పందిని పట్టుకోవాలి. పట్టుకున్న కొద్ది నిమిషాల్లోనే కార్టిసాల్ పైకెక్కుతుంది. అప్పుడు మనం కొలిచేది పంది కష్టాన్ని కాదు, మనం పెట్టిన కష్టాన్ని. అందుకని శాస్త్రవేత్తలు మర్యాదగా అది వెళ్లిపోయేదాకా ఆగి, వెనక వదిలిపెట్టినదాన్ని ఏరుకుంటారు. ఏనుగైతే లద్దె, జింకైతే పెంటికలు, నెమలైతే రెట్ట. ఒంట్లో పని ముగిసిన హార్మోన్ ముక్కలై అందులోంచి బయటికి వస్తుంది. జంతువును బట్టి కొన్ని గంటల కిందటి నుంచి ఒకటి రెండు రోజుల కిందటి దాకా జరిగిన సంగతి అందులో ఉంటుంది. అంటే మొన్న రాత్రి మీరు కొట్టిన డబ్బా చప్పుడు ఇవాళ్టి పెంటలో తేలుతుందన్నమాట.

ఏరడం కూడా ఆషామాషీ పని కాదు. నమూనా తాజాగా ఉండాలి. వాన పడితే పాడు, ఎండకు వదిలేసినా పాడే, సూక్ష్మజీవులు హార్మోన్‌ను తినేస్తాయి. వెంటనే ఐసులోనో ఆల్కహాల్‌లోనో పెట్టాలి. ల్యాబ్‌కు తెచ్చాక ఎండబెట్టి, పొడిచేసి, జల్లించి, మిథనాల్‌లో కలిపి, యాంటీబాడీలు పూసిన ప్లేట్లలో పోసి, రంగు ఎంత మారిందో యంత్రంతో చూడాలి. జవాబు గ్రాముకు ఇన్ని నానోగ్రాములని వస్తుంది. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్ల వంతు. పంది దుఃఖాన్ని అంత సన్నగా తూకం వేసే తక్కెడ మన దగ్గర ఉంది. అదే పంది తిన్న పల్లీకాయను తూకం వేయాల్సి వస్తే గట్టు మీద నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓ నాలుగు గుంటలు పోయినట్టుంది" అంటారు. దాన్ని కంటి అంచనా అంటారు. కన్ను ఎవరిదన్నదాన్ని బట్టి గుంటలు రెండూ కావచ్చు, ఆరూ కావచ్చు.

ఒక్క అంకె వస్తే సరిపోదు. ఎక్కువా తక్కువా అని చెప్పడానికి ప్రశాంతంగా ఉన్న పంది ఒకటి కావాలి, దాని పక్కన పెట్టి చూడాలి. ఈ ప్రశాంతమైన పందిని ఎక్కడ వెతకాలి? నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద చూస్తే పందికి అంతకన్నా క్షేమమైన చోటు లేదు. కానీ అక్కడ పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల మందలున్నాయి. ఎండాకాలంలో నీటి గుంట దగ్గరికి వెళ్లాలన్నా వెనకా ముందూ చూసుకోవాలి. ఇటు నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూరు చేలో ఉన్నది ఒక మనిషి, ఒక టార్చి, ఒక రేకు డబ్బా.

ఏది ఎక్కువ టెన్షన్ అని మీరు ఊహించనక్కర్లేదు, ఏనుగుల విషయంలో లెక్క తేలిపోయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) పరిశోధకులు పంట పొలాల మధ్య తిరిగే ఏనుగుల లద్దెను, నాగరహొళె, బండీపూర్ అడవుల్లోని ఏనుగుల లద్దెను పోల్చి చూశారు. 2019లో అచ్చయిన ఆ ఫలితం చదివి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. చేల మీద పడే ఏనుగుల్లోనే ఒత్తిడి ఆనవాళ్లు తక్కువట! మంచి తిండి దొరకడమే కారణం కావచ్చన్నారు. అడవి మేత కంటే పంటలో పోషకం ఎక్కువ. కడుపు నిండితే మనసు కుదుటపడుతుందని మన ఇళ్లలో ముసలివాళ్లు ఎప్పుడూ చెప్పేదే, ఇప్పుడు దానికి గ్రాముకు ఇన్ని నానోగ్రాములన్న సాక్ష్యం దొరికింది. అయితే తరుముతున్న ఆ క్షణంలో జంతువు గుండె ఎలా కొట్టుకుంటుందన్నది వేరే సంగతి. ఇది సగటు బతుకు లెక్క.

ఏనుగుకు వర్తించింది పందికీ వర్తిస్తుందంటే శాస్త్రం ఒప్పుకోదు, విడిగా పరీక్షించాలంటుంది. బల్మూరు వైపు ఒక పెద్దాయన మాత్రం పరీక్ష లేకుండానే ఒప్పేసుకున్నాడు.

"గిది నాకు తెల్వదా సారూ? అడివిల దానికి ఏముంటది? గడ్డలు తవ్వుకోవాలె, పులికి దాసుకోవాలె. ఈడ దున్నిన దుక్కి, బోరు నీళ్లు, డీఏపీ ఏసిన పల్లికాయ. బ్యాంకోడు దాని ఇంటికొస్తడా? దాని బిడ్డకు ఫీజు కట్టేదుందా? దానికేం టెన్షన్?"

పల్లికాయకు డీఏపీ ఎంత వేశాడో, ఏ దుకాణంలో ఎంత అరువుందో కూడా చెప్పాడు. అది మన అధ్యయనం పరిధిలోకి రాదు కాబట్టి రాసుకోలేదు.

పంది పక్షాన వాదిస్తున్నాను కనుక మన రాజధాని చేస్తున్న ఒక ద్వంద్వ వ్యవహారాన్ని కూడా బయటపెట్టాలి. అత్తాపూర్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. అంతరించిపోయే జంతువుల కోసం పెట్టిన సంస్థ. జంతువును ముట్టుకోకుండా పేడ ద్వారా హార్మోన్లు తెలుసుకునే పని అక్కడ జరుగుతుంది. అక్కడి నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలోనే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. అక్కడ పంటచేలలోంచి అడవి జంతువులను తరిమే పద్ధతుల మీద పరిశోధన చేస్తారు. పులి, చిరుత లాంటి వేటజంతువుల అరుపులు, ఆపదలో పడ్డ జంతువుల కేకలు వినిపించే యంత్రం అక్కడివాళ్లు చేసిందే. అంటే టెన్షన్ కొలిచేది అత్తాపూర్‌లో, తయారుచేసేది రాజేంద్రనగర్‌లో. రెండూ ప్రజల సొమ్ముతోనే. రెండూ కూడబలుక్కుంటే కొత్తగా ప్రయోగశాల కట్టే ఖర్చన్నా మిగిలేది. పందులు కూడా బుద్ధిగలవే. రోజూ అరిచే పులి ఏ రోజూ కరవకపోతే, కొన్నాళ్లకు ఆ పులిని పట్టించుకోవడం మానేస్తాయి.

సిద్దిపేట జిల్లాలో కొన్నేళ్ల కింద ఒక రైతు ఇంకో దారి పట్టాడు. రోజుకు 500 రూపాయలిచ్చి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేసి చేలో తిప్పాడు. కోతులు, పందులు జడిశాయని పేపర్లలో వచ్చింది. ఎర్రటి ఎండలో ఆ బొచ్చు తొడుగు లోపల ఉన్న మనిషి కార్టిసాల్ గురించి మాత్రం ఏ పేపరూ రాయలేదు.

మన దక్షిణ తెలంగాణలో ఇంకా చవకైన ఉపాయం ఉంది, జుట్టు. సెలూన్ ముందు పొద్దున్నే ఖాళీ సంచితో నిలబడ్డ రైతు కటింగ్ కోసం వచ్చాడనుకోవద్దు. నేల మీద పడ్డ వెంట్రుకలన్నీ చీపురుతో ఊడ్చి సంచిలో పోయించుకుంటాడు. నలుపు, తెలుపు, గోరింటాకు ఎరుపు అన్నీ కలిసిన ఆ కుప్పను తీసుకెళ్లి గట్టు పొడుగునా చల్లుతాడు. పందికి చూపు అంతంతమాత్రం, దాని దారంతా ముక్కుతోనే. నేల వాసన చూస్తూ వస్తుంటే మనిషి వాసన కొడుతుంది, వెంట్రుకలు ముక్కులోకి పోయి చిరాకు పెడతాయి. గాలికి కొట్టుకుపోయేదాకా, లేదా వాన పడేదాకా పనిచేస్తుంది.

ఇక్కడే శాస్త్రానికి ఒక బంగారు అవకాశముంది. కార్టిసాల్ వెంట్రుకలో కూడా పేరుకుంటుంది. మనిషి జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది కాబట్టి, కుదురు దగ్గర కత్తిరించిన మూడు సెంటీమీటర్ల వెంట్రుకలో మూడు నెలల టెన్షన్ చదవొచ్చు. ఆ లెక్కన ఆ గట్టు మీద పరిచి ఉన్నది ఊళ్లో మగవాళ్లందరి వానాకాలం. ఒక సెంటీమీటర్ యూరియా లైనులో చెప్పులు వరసగా పెట్టి నిలబడ్డది, ఒక సెంటీమీటర్ పత్తిలో తేమ ఎక్కువుందని వెనక్కి పంపినప్పటిది, ఒక సెంటీమీటర్ రాత్రి కావలిది. శాస్త్రవేత్త వస్తే గట్టుకు ఇవతల రైతు నమూనా, అవతల పంది నమూనా, ఒకే ఐస్ డబ్బాలో పట్టుకుపోవచ్చు. పంది అదంతా వాసన చూసి వెనక్కి తిరిగిపోతే, అది భయంతోనా జాలితోనా అన్నది తేల్చడానికి మాత్రం ఇంకో ప్రాజెక్టు కావాలి.

చట్టం సంగతి తెలిసిందే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని చంపకూడదు. మన రాష్ట్రంలో ఆ అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు అప్పగించి, వాళ్లను గౌరవ వన్యప్రాణి వార్డెన్లను చేశారు. పంచాయతీ తీర్మానం కావాలి, జాబితాలో ఉన్న షూటర్ రావాలి. అంతా పద్ధతిగానే ఉంది. అయితే 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. ఆ మధ్యకాలమంతా ఊళ్లకు సర్పంచులు లేరు. పందులకు పదవీకాలం ఉండదు.

ఇప్పుడు బీమా కూడా వస్తోంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది, 2026 వానాకాలం నుంచి అమలట. ఏ జంతువులు, ఏ జిల్లాలన్నది రాష్ట్రాలు చెప్పాలి. నష్టం జరిగిన 72 గంటల్లో రైతు ఫోన్‌లో యాప్ తెరిచి, చోటు గుర్తుతో సహా ఫొటోలు పెట్టాలి. నల్లగొండ జిల్లా చందంపేట గుట్టల పక్క చేలలో సిగ్నల్ కోసం ఎక్కాల్సిన బండ ఎక్కడుందో అక్కడివాళ్లకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు.

అన్ని జంతువులనూ ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు వైపు కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి, కంది, పత్తి మొలకలను వదలవు. వాటిని పట్టి వేరేచోట వదలాలని రైతులు అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ జింక జాతి అలాంటిది. వలలో పడి పెనుగులాడితే భయానికే కండరాలు దెబ్బతిని, పట్టుకున్న గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోవచ్చు. దాని టెన్షన్ కొలవడం సరదా కాదు, తరలింపుకు ముందు చేసి తీరాల్సిన పని. అలాగే పందుల కోసమని చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ గుంజేవాళ్లున్నారు. తీగకు పందీ, తెల్లవారుజామున బోరు మోటారు వేయడానికి వచ్చిన పక్క చేను మనిషీ ఒకటే. దాన్ని కొలిచేందుకు ఏ హార్మోనూ అక్కర్లేదు, పోలీస్ స్టేషన్‌లో కాగితం మీద పేరు రాసి ఉంటుంది.

ఇవన్నీ ఆలోచించి, పంది టెన్షన్ అధ్యయనానికి ఒక నమూనా పథకం తయారుచేసి, ఆ బల్మూరు పెద్దాయనకే మొదట చదివి వినిపించాను. ఒక్కో చేనుకు ఇద్దరు పరిశోధకులు, రెండు హెడ్‌లైట్లు, ఒక ఐస్ డబ్బా. నమూనా తాజాగా దొరకాలి కాబట్టి రాత్రంతా చేలోనే కాపు కాయాలి. పైరు ముదిరేకొద్దీ తిండి మారుతుంది, హార్మోనూ మారుతుంది కాబట్టి విత్తిన రోజు నుంచి పీకే రోజు దాకా ఉండాలి. ఆయన బీడీ ఆర్పి అడిగాడు.

"పల్లికాయ పీకేదాంక ఉంటరా?"

"ఉంటారు."

"రోజూ రాత్రి? ఆదివారం గూడ?"

"రోజూ, కాకా."

"గట్లయితే ఇయ్యాలనే రమ్మను. మంచె నేనే ఏపిస్త, చాయ్ గూడ పంపిస్త. గని ఊకె కూసోకుండ జెర డబ్బా కొట్టుమను."

"డబ్బా కొడితే పంది రాదు గద కాకా. పంది రాకుంటే పరీక్ష ఎట్ల?"

"నేను చెప్పేది గదే గద సారూ."