బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్న బ్రేస్ గారికి

మహారాజరాజశ్రీ, మామయ్యగారి చీలమండకు ఊతగా చేయించిన యాంకిల్ బ్రేస్ గారికి,

విద్యానగర్ నుంచి ఈ ఇంటి కోడలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలం తమరొక్కరిదే. పట్టుచీరల పక్కన కలరా ఉండల వాసన పీలుస్తూ హాయిగా ఉన్నారు. మామయ్యగారు మాత్రం మొన్న మళ్లీ పడ్డారు.

పడ్డారంటే ఆయన ఒప్పుకోరు. "జారానమ్మాయ్" అంటారు. ఒకసారి తూలారు, ఒకసారి ఒరిగారు, ఇంకోసారి "నేలమీద కాసేపు కూర్చున్నాను" అన్నారు. తెలుగులో పడటానికి ఇన్ని మాటలున్నాయని ఈ ఏడాదే తెలిసింది. నడుములో నరం నొక్కుకుపోయి కుడి పాదం ముందుభాగం పైకి లేవట్లేదని, దాన్ని ఫుట్ డ్రాప్ అంటారని డాక్టరు చెప్పారు. మామయ్యగారి లెక్కలో మాత్రం గడప ఎత్తు పెరిగింది.

అందుకే కదా కాలి అచ్చు తీయించి మరీ తమర్ని చేయించాం! అడుగు వేసేటప్పుడు వేళ్లు కిందికి వేలాడకుండా పట్టి ఉంచడం తమరి ఉద్యోగం. చేరిన రోజే సెలవు పెట్టారు. ఎందుకంటే సుందరయ్య పార్కులో వాకింగ్ మిత్రులు చూస్తే ఏమనుకుంటారు? చేతికర్ర కూడా ఇదే భయంతో గొడుగైపోయింది. మే నెల ఎండలోనూ గొడుగే, జనవరి చలిలోనూ గొడుగే. ఒక్కనాడూ తెరిచింది లేదు.

ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారని, అందులో 80 శాతానికి పైగా మనలాంటి, మనకన్నా పేద దేశాల వాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చదివి వినిపించాను. పేపరు మడిచి, "వాళ్లు కిందచూసి నడవరమ్మా" అన్నారు.

అయితే తప్పంతా ఆయనదే కాదు, తమరి సంగతీ చెప్పాలి. బూటు లేనిదే తమరు పనిచేయరు. ఉత్త ప్లాస్టిక్‌తో మా హాల్లోని నున్నటి టైల్స్ మీద నడిస్తే తమరే జారుడుబల్ల. మా ఇంట్లో బూటుకేమో గుమ్మం దాటే అర్హత లేదు. మామయ్యగారు పడేది ఎక్కడ? గుమ్మానికి లోపలే! తమర్ని కనిపెట్టిన వాళ్ల ఇళ్లల్లో బూట్లతోనే సోఫా ఎక్కుతారు కాబోలు.

"ఇంట్లో బూట్లా? మనమేమన్నా దొరలమా?" అన్నారు అత్తయ్య. వారం రోజుల చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది. బయట మట్టి తగలని కొత్త జత. హాలుకు, పడకగదికి అనుమతి. వంటింట్లో ఫ్రిజ్ దాకా. దేవుడి గది వైపు చూడకూడదు. స్నానాలగదిలో తమరికెలాగూ పని లేదు, అక్కడ గోడకు స్టీలు కడ్డీ బిగించాం.

కొనబోతే ఇంకో చిక్కు. తమరు దూరాలంటే కుడికాలికి తొమ్మిదో నంబరు కావాలి, ఎడమకాలికి ఎనిమిదే. సుల్తాన్ బజార్లో కొట్టతను జత విడదీయనన్నాడు. రెండు జతలూ కొన్నాం. ఎడమ తొమ్మిది, కుడి ఎనిమిది పాదాలున్న మనిషెవరైనా తగిలితే చెప్పండి, ఉచితంగా ఇస్తాం.

ఇంతా చేశామని పొగరు పడకండి. ఆస్ట్రేలియాలో పాదాల నొప్పులున్న 305 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి చూస్తే, ఒక జట్టులో పడటం రెండోదానికన్నా 36 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఆ జట్టుకిచ్చినవి బూట్లలో వేసే ఇన్‌సోళ్లు, సరైన పాదరక్షల మీద సలహాలు, పాదాలకూ చీలమండలకూ వ్యాయామాలు. తమరి ఊసే లేదు. అందుకే రోజూ సాయంత్రం మామయ్యగారు కుర్చీ పట్టుకుని మడమలెత్తాలి. సీరియల్లో ప్రకటనలొచ్చినప్పుడు ఎత్తుతున్నారు.

రేపటి నుంచి తమరు డ్యూటీలో చేరాలి. మొదట గంటసేపే, మేజోడు మీద. విప్పగానే పాదం నేనే చూస్తాను. షుగర్ కాలు కదా, ఒరుసుకున్నా ఆయనకు తెలియదు. అరగంటైనా ఎరుపు పోకపోతే తమర్ని తీసుకెళ్లి చేసినాయన ముందే నిలబెడతాను.

పిన్నీసుతో బతికిస్తున్న ఆయన హవాయి చెప్పుల్ని నిన్న పారేశాను. రాత్రి పదకొండింటికి మెట్ల కింద చెత్తడబ్బా దగ్గర చప్పుడైతే వెళ్లి చూశాను. మామయ్యగారు గొడుగు కొనతో చెత్త కెలుకుతున్నారు.

"గాలికని వచ్చానమ్మాయ్" అన్నారు.

ఇట్లు,
కోడలు