శాలువా సరే, ఆయన చేసిన పనేమిటో అడిగారా?

మన బెంగళూరు తెలుగు సంఘాలకు గణితవేత్తలంటే గౌరవం లేదని నేననను. పిలిచి కూర్చోబెట్టి శాలువా కప్పుతాం, జ్ఞాపిక చేతికిస్తాం, ఫొటో దిగుతాం. కానీ ఆ మనిషి ముప్పై నలభై ఏళ్లపాటు ఏం చేశాడో తెలుసుకోవాలన్న కుతూహలం మాత్రం మనకు లేదు. మొన్న ఉగాదికి ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌గారిని సన్మానించినప్పుడు పరిచయం చేసినాయన ఊరు, గోత్రం, తిరిగిన దేశాలు అన్నీ చదివి, పని దగ్గరికొచ్చేసరికి "అలల మీద పరిశోధన" అని తేల్చేశారు. స్పందనకు ఐదు నిమిషాలు. పంచాంగ శ్రవణానికి గంట పైనే ఇచ్చాం లెండి.

ఆయన పని కంప్యూటర్‌లో అలను నడిపించడం. తీగ కంపనానికి సమీకరణం దాలంబేర్ 1747లోనే రాశాడు. కానీ సముద్రం అడుగున కొండలూ లోయలూ ఉంటే, భూమిలో పొరలు పొరలుగా రాళ్లుంటే, కాగితం మీద సాధించడం కుదరదు. అప్పుడు సముద్రాన్ని గళ్లుగా కోసి, కాలాన్ని చిన్న చిన్న అంగలుగా విడగొట్టి, గడి గడికీ లెక్క కట్టుకుంటూ పోవాలి. అంగ ఎంత వెయ్యాలన్నది మన ఇష్టం కాదు. 4 కిలోమీటర్ల లోతున్న సముద్రంలో సునామీ సెకనుకు దాదాపు 200 మీటర్లు పోతుంది. గడి 2 కిలోమీటర్లయితే, మామూలు పద్ధతుల్లో అంగ 10 సెకన్లు దాటిందంటే అంకెలు పిచ్చెక్కినట్టు పెరిగిపోయి లెక్క పేలిపోతుంది. పోనీ గడిని సగం చేద్దామా అంటే అంగనూ సగం చెయ్యాలి. భూకంపంలాంటి మూడు కొలతల లెక్కలో గళ్లు 8 రెట్లు, అంగలు 2 రెట్లు, వెరసి పని 16 రెట్లవుతుంది. గడిని బట్టే అంగ ఉండాలన్న ఈ నియమాన్ని కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అనే ముగ్గురు 1928లో చెప్పారు. అప్పటికి కంప్యూటరే లేదు!

భోజనాల దగ్గర పక్కన కూర్చుని అడిగాను గనక ఇంకో సంగతి తెలిసింది. ఆయన సర్వీసులో సగం అల మీద కాదు, అల బయటికి పోవాల్సిన అంచు మీద గడిచిందట. కంప్యూటర్‌లో సముద్రమంతా పట్టదు, ఒక ముక్కే పడుతుంది. ఆ ముక్క అంచుకు తగిలిన అల, తొట్టిలో నీళ్లలా వెనక్కి కొట్టి అసలు లెక్కను పాడు చేస్తుంది. విస్తరి కాస్త పక్కకు జరిపి, ఆహ్వానపత్రిక వెనక ఒక పెట్టె గీసి, దాని చుట్టూ మందంగా గీతలు పెట్టి చూపించారు. వచ్చిన అలను తిరిగి పంపని అంచులకు ఎంగ్‌క్విస్ట్, మజ్దా 1977లో దారి చూపారు. అలను మింగేసే పొరను బెరాంజే 1994లో విద్యుదయస్కాంత తరంగాల కోసం కనిపెట్టాడు. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. దిక్కును బట్టి అల వేగం మారే కొన్ని రకాల రాళ్లలో ఆ పొరే అలను మింగకపోగా పెంచి పోషిస్తుంది! ఎక్కడ మింగుతుంది, ఎక్కడ పెంచుతుంది, ఎందుకు? ఆయనకు ఏళ్లకేళ్లు పట్టిన ప్రశ్న ఇదే. చెబుతుంటే పప్పు చల్లారిపోయింది, ఆయన చూసుకోలేదు.

ఎదుటివరసలో ఒకాయన ఇదంతా విని, "ఓహో, సునామీ హెచ్చరికలకన్నమాట!" అన్నారు. అప్పుడు గానీ బల్ల దగ్గర గౌరవం పెరగలేదు. మాట నిజమే. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూమి కదిలాక అల చెన్నై చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది, అయినా చెప్పే వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ పని చేస్తోంది. భూకంపం వచ్చాక తీరిగ్గా లెక్క మొదలెట్టే వ్యవధి ఉండదు కాబట్టి, ఎక్కడ ఎంత భూకంపం వస్తే అల ఎలా పోతుందో ముందే కట్టి పెట్టుకున్న లెక్కల్లోంచి సరిపోయేది తీస్తారు. అయితే ఉపయోగం కనబడితేనే మర్యాద ఇస్తామంటే, 1928లో ఆ ముగ్గురికి శాలువా కప్పేవాళ్లమా?

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. పి.హెచ్.డి. చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000. ఈ ఊళ్లో అద్దెలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పి.హెచ్.డి. తర్వాత రెండు మూడు చోట్ల పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన కొలువు, అప్పటికి ముప్పై దాటుతుంది, ఇంట్లో సంబంధాల టెన్షన్. తల్లిదండ్రుల భయం ఉత్తదేం కాదు. కానీ అవకాశం దూరమని మాత్రం అనకండి. మన ఊళ్లో టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీ ఆవరణలో, టీఐఎఫ్‌ఆర్ (ముంబైలోని మరో టాటా పరిశోధన సంస్థ) గణిత కార్యక్రమం కింద ఫ్రెంచి గణితవేత్త సియార్లే చెప్పిన ఫైనైట్ ఎలిమెంట్ (ఆకారాన్ని చిన్న ముక్కలుగా కోసి లెక్క కట్టే పద్ధతి) పాఠాలు 1975లోనే పుస్తకంగా వచ్చాయి. ఆ కార్యక్రమమే పెరిగి ఇప్పుడు యలహంక వైపు టీఐఎఫ్‌ఆర్ కేంద్రమై కూర్చుంది. మనలో చాలామంది ఎయిర్‌పోర్టుకు పోతూ దాని దరిదాపుల్లోంచే వెళ్తుంటారు.

మన సంఘం స్కాలర్‌షిప్ ఫారంలో కోర్సు అన్నచోట ఇంజనీరింగ్, మెడిసిన్ అని రెండే ఉన్నాయి. బీఎస్సీ మ్యాథ్స్ చదివే పిల్ల దరఖాస్తు పెట్టాలంటే టిక్కు ఎక్కడ పెట్టాలి? మూడోది చేర్చడానికి కార్యవర్గం ఒక్క తీర్మానం చేస్తే చాలు. కొత్త ఫారాలు ఇంకా అచ్చుకు వెళ్లలేదు.