'ఇరాన్' 1935లో పుట్టిన పేరు కాదు

ఇరాన్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇంతే: "ఆ దేశం అసలు పేరు పర్షియా. ఇస్లాం వచ్చాక ఆ పేరు చెరిపేశారు. హిట్లర్‌ని మెప్పించడానికి 1935లో ఇరాన్ అని పెట్టుకున్నారు." చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్ళు కూడా దీన్ని పంపిస్తుంటే బాధేస్తోంది, అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు 1935 సంగతి. అప్పటి ఇరాన్ రాజు రెజా షా ప్రభుత్వం విదేశాలను కోరింది ఒక్కటే, ఇకమీదట అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాల్లో మమ్మల్ని ఇరాన్ అని రాయండి అని. ఆ ఏడాది మార్చి 21న, వాళ్ళ కొత్త సంవత్సరం నౌరోజ్ నుంచి అది అమల్లోకి వచ్చింది. దేశం లోపల మార్చాల్సిందేమీ లేదు, ఎందుకంటే అక్కడివాళ్ళు అప్పటికే ఎన్నో వందల ఏళ్ళుగా ఇరాన్ అనే అంటున్నారు. 1889లో అక్కడ పెట్టిన బ్యాంకునే చూడండి, ఇంగ్లీషులో దాని పేరు ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియా, ఫార్సీలో బాంకె షాహన్‌షాహీయె ఇరాన్. ఒకే బ్యాంకు, ఒకే కాలం, బయటివాళ్ళకి ఒక పేరు, ఇంట్లోవాళ్ళకి ఇంకో పేరు.

మన దేశంలోనే ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. చాలా శతాబ్దాల కిందట ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి వచ్చిన జొరాస్ట్రియన్లను (ఇస్లాంకి ముందు అక్కడున్న మతం వాళ్ళు) పార్సీలు అన్నారు. అదే మతం వాళ్ళు 19వ శతాబ్దంలో మళ్ళీ వలస వస్తే వాళ్ళకి ఇరానీలు అని పేరు పడింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, దాని నిర్మాత అర్దేషిర్ ఇరానీ. 1886లో పుణెలో పుట్టిన మనిషి ఇంటిపేరులోకి 1935లో పుట్టిన పేరు ఎలా వస్తుంది?

రెండోది, "అసలు పేరు పర్షియా" అన్న మాట. పార్స అన్నది నైరుతి ఇరాన్‌లో ఒక ప్రాంతం, షిరాజ్ రాజధానిగా ఇప్పటికీ అది ఫార్స్ రాష్ట్రమే. క్రీస్తుకి ముందు సామ్రాజ్యం కట్టిన రాజులు సైరస్, డేరియస్‌ల వంశం అక్కడిది కాబట్టి గ్రీకులు వాళ్ళ మొత్తం సామ్రాజ్యానికే ఆ ప్రాంతం పేరు తగిలించారు. ఉత్తరాదిలో దక్షిణాది వాళ్ళందరినీ మద్రాసీలు అన్నట్టే. గ్రీకులో పెర్సిస్, హీబ్రూలో పారస్, సంస్కృతంలో పారసీక (రఘువంశంలో రఘువు దండెత్తిన పారసీకులు వీళ్ళే), చైనీస్‌లో బోసి, అన్నీ ఆ ఒక్క ప్రాంతం పేరు నుంచే వచ్చాయి. అవి తప్పుడు పేర్లు కావు, చాలా పాతవి, గౌరవమైనవి కూడా. కాకపోతే బయటివాళ్ళు పెట్టుకున్నవి.

మరి లోపలివాళ్ళు ఏమనుకున్నారు? దీనికి జవాబు రాతి మీదే ఉంది. ఫార్స్‌లోని నఖ్షె రుస్తమ్ దగ్గర, ఇస్లాంకి ముందు ఇరాన్‌ని ఏలిన ససానియన్ వంశం రాజు మొదటి షాపూర్ క్రీ.శ. 260 ప్రాంతంలో మూడు భాషల్లో చెక్కించిన శాసనం ఉంది. అందులో ఆయన తన దేశాన్ని ఎరాన్‌షహ్ర్ (అరియుల దేశం) అన్నాడు, గ్రీకు పాఠంలో కూడా పెర్సిస్ అనకుండా 'అరియన్ల జాతి' అనే రాయించాడు. ఆ తర్వాత తన రాజ్యంలోని ప్రాంతాల జాబితా ఇచ్చాడు, అందులో మొదటి పేరు పార్స్! అంటే ఎరాన్ మొత్తం దేశం, పార్స్ అందులో ఒక భాగం. ఇంత స్పష్టంగా రాజే చెప్పాక ఇంకా వాదన ఎందుకో నాకు అర్థం కాదు. ఆయన తండ్రి అర్దషీర్ కూడా నాణేల మీద 'ఎరాన్ రాజాధిరాజు' అనే వేయించుకున్నాడు.

ఇక ఇస్లాం పేరు చెరిపేసిందన్న మాటకి పై శాసనమే సమాధానం. అర్దషీర్, షాపూర్ ఇద్దరూ అగ్నిని కొలిచిన జొరాస్ట్రియన్లు, అరబ్బులు రావడానికి నాలుగు వందల ఏళ్ళ ముందువాళ్ళు. పైగా అరబ్బులు పర్షియా పేరు తీసేయలేదు, నిలబెట్టారు. అరబీలో 'ప' లేదు కాబట్టి పార్స్‌ని ఫార్స్ అన్నారు, ఫార్సీ అన్న పేరు అలా వచ్చిందే. ఇటు ఇరాన్ పేరునీ ఎవరూ మరిచిపోలేదు. ముస్లిం అయిన ఫిర్దౌసీ 1010లో పూర్తి చేసిన షాహ్‌నామా కావ్యం నిండా ఇరాన్‌కీ, దాని శత్రు రాజ్యం తూరాన్‌కీ మధ్య పోరే.

హిట్లర్ విషయంలో కొంచెం నిజం ఉంది, దాన్ని దాచను. 1930ల్లో రెజా షాకి జర్మనీతో సంబంధాలు బాగా పెరిగాయి, పేరు సలహా బెర్లిన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం నుంచి వచ్చిందనీ చెబుతారు. ఉత్తరాల్లో పేరు ఆ సమయంలోనే మార్చమనడం వెనక ఆ గాలి ఉండొచ్చు. కానీ పేరు నాజీలది కాదు, అది 'అరియ' అన్న పాత మాట నుంచి వచ్చింది. క్రీ.పూ. 500 ప్రాంతంలోనే డేరియస్ తన శాసనంలో 'పారసీకుణ్ణి, పారసీకుడి కొడుకుని, అరియుణ్ణి, అరియ వంశం వాణ్ణి' అని రాసుకున్నాడు. ఆ మాటని యూరప్‌వాళ్ళు జాతి సిద్ధాంతంగా మార్చింది 19వ శతాబ్దంలో, దానికి ఇరానీలేం చేస్తారు? అలాగని ఈ మాట మన 'ఆర్య'తో కలుస్తోంది కాబట్టి వాళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్ళారని ఇంకో మెసేజ్ తయారు చేయకండి. సంస్కృతం, పాత ఫార్సీ రెండింటికీ మూలం ఒకటని మాత్రమే ఆ పోలిక చెబుతుంది, ఎవరు ఎటు వెళ్ళారన్నది దాన్నిబట్టి తేలదు.

1935 తర్వాత పర్షియా అన్న పేరు నిషేధమూ కాలేదు. ఇరాన్, ఇరాక్ కలిసిపోయి గందరగోళం అవుతోందని రెండో ప్రపంచ యుద్ధంలో చర్చిల్ పర్షియా అనే వాడమన్నాడు, 1959లో ఇరాన్ ప్రభుత్వమే రెండు పేర్లూ వాడుకోవచ్చని చెప్పింది.