లోగోల కోసం కొట్టుకుంది చాలు

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక షెల్ స్క్రిప్ట్ (వరసగా నడపాల్సిన కమాండ్లు ఉండే ఫైలు) రాసింది. తన లాప్‌టాప్‌లో విండోస్, సర్వర్ మీద లినక్స్, అంటే రెండు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు (ఓఎస్‌లు). స్క్రిప్ట్‌ని సర్వర్ మీదికి పంపి రన్ చేస్తే "అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు" అని ఎర్రర్. చూస్తే ఫైలు అక్కడే ఉంది, లిస్ట్ కొడితే కనిపిస్తోంది, పర్మిషన్లు కూడా సరిగ్గానే ఉన్నాయి. గంటన్నర తంటాలు పడి చివరికి పక్క సీటులో ఉన్న సీనియర్‌ని అడిగింది. ఆయన స్క్రీన్ వైపు ఒక్క క్షణం చూసి, "విండోస్‌లో రాస్తే ఇలాగే ఏడుస్తుంది, ముందు ఒక మంచి ఓఎస్ వేసుకో తల్లీ" అని నవ్వి, ఏదో కమాండ్ కొట్టి వెళ్ళిపోయాడు. స్క్రిప్ట్ పనిచేసింది. ఏం జరిగిందో మాత్రం ఆ అమ్మాయికి తెలియలేదు. చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. ఆ రోజంతా తను ఇంకెవరినీ ఏమీ అడగలేదు.

అది చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

ముందు ఆ ఎర్రర్ సంగతి చెబుతాను. పాత టెలిటైప్ మెషీన్లలో ఒక లైను అయిపోయాక రెండు పనులు జరగాలి: అచ్చు కొట్టే భాగం మళ్ళీ ఎడమ చివరికి రావాలి, కాగితం ఒక లైను జరగాలి. మొదటిది క్యారేజ్ రిటర్న్, రెండోది లైన్ ఫీడ్. ఫైళ్ళ విషయానికొచ్చేసరికి లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ వాళ్ళు ఒక్క లైన్ ఫీడ్ చాలనుకున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ఓఎస్ డాస్, దాని వెనకాలే వచ్చిన విండోస్ రెండిటినీ ఉంచేశాయి. ఇప్పుడు లినక్స్ కెర్నల్, అంటే ఆ ఓఎస్‌కి గుండెలాంటి భాగం, ఏం చేస్తుందంటే, స్క్రిప్ట్ మొదటి లైనులో #! గుర్తుల తర్వాత ఉన్న పేరు చదివి, ఈ స్క్రిప్ట్‌ని ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో తెలుసుకుంటుంది. ఆ పేరు చివర కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అతుక్కుని ఉంటే దాన్ని కూడా పేరులో భాగమే అనుకుంటుంది. చివర ఒక దొంగ అక్షరం తగిలించుకున్న బ్యాష్ (షెల్ స్క్రిప్టులని నడిపే ప్రోగ్రామ్) కోసం వెతుకుతుంది, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడా ఉండదు కాబట్టి లేదు పొమ్మంటుంది. అంటే దొరకనిది ఆ అమ్మాయి రాసిన ఫైలు కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రామ్. ఎర్రర్ చెప్పింది నిజమే, కానీ ఏ ఫైలు లేదో చెప్పలేదు.

ఇందులో ఆ అమ్మాయి చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. తను పుట్టకముందు ఎవరో తీసుకున్న రెండు నిర్ణయాలు, రెండూ అప్పటికి సబబైనవే, వచ్చి తన స్క్రిప్ట్‌లో గుద్దుకున్నాయి. తర్వాత ఆ సీనియర్‌ని విడిగా అడిగాను, అసలు ఎందుకు అలా అవుతుందని. ఆయనకీ తెలియదు. కమాండ్ మాత్రం తెలుసు. ఒకప్పుడు ఆయనకీ ఎవరో అలాగే నవ్వి, కమాండ్ కొట్టి వెళ్ళిపోయి ఉంటారు.

నేను పదేళ్ళుగా లినక్స్ వాడుతున్నాను, దాని మీద నాకున్న ప్రేమ గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. ఏదైనా తేడా చేస్తే లోపలికి వెళ్ళి చూడొచ్చు, ప్రొక్ డైరెక్టరీలో నడుస్తున్న ప్రతి ప్రాసెస్ వివరాలూ మామూలు ఫైళ్ళలా తెరిచి చదవొచ్చు, నా మెషీన్ నా మాట వింటుంది. విండోస్‌లో స్టార్ట్ మెనూలో ప్రకటనలు చూపించడం, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆన్‌లైన్ అకౌంట్ పెట్టమని బలవంతం చేయడం నాకు అస్సలు నచ్చవు, డబ్బు పెట్టి కొనుక్కున్న మనిషిని అలా చూడటం తప్పు. ఈ మాటలు ఎంత గట్టిగానైనా అంటాను. కానీ ఆ కోపం కంపెనీ తీసుకున్న నిర్ణయాల మీద. దాన్ని తీసుకెళ్ళి, విండోస్ వాడే మనిషి మీద పోయడం ఏం న్యాయం?

పైగా ఈ గోడలన్నీ మనం ఊహించుకున్నంత గట్టివి కావు. యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో మొదలైంది. మ్యాక్ లోపల ఉన్న కెర్నల్ మాక్ (Mach) అనే ఇంకో కెర్నల్‌నీ, బీఎస్‌డీ యూనిక్స్‌నీ కలిపి కట్టింది, అది యాపిల్‌కి నెక్స్ట్ కంపెనీని కొన్నప్పుడు వచ్చింది. విండోస్ ఎన్‌టీని కట్టిన డేవ్ కట్లర్ అంతకుముందు డెక్ కంపెనీలో వీఎంఎస్ అనే ఓఎస్ రాసిన మనిషి. 1993లో బయటికొచ్చిన ఆ ఎన్‌టీలో అసింక్రనస్ ఐఓ (డేటా వచ్చేదాకా ఆగకుండా ప్రోగ్రామ్ వేరే పని చేసుకోగలగడం) మొదటి నుంచీ డిజైన్‌లోనే ఉంది. లినక్స్‌లో ఆ పని ఒక పద్ధతిగా చేసే ఐఓ యూరింగ్ 2019లో వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. విండోస్‌ని బొమ్మ ఓఎస్ అనేవాళ్ళు ఒకసారి ఆ కెర్నల్ గురించి చదవండి. అలాగే లినక్స్‌ని పనిలేని వాళ్ళ వ్యవహారం అనేవాళ్ళకి కూడా ఒక మాట: ప్రపంచంలోని 500 అతి పెద్ద సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ప్రతి మెషీనూ లినక్సే, మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగునా లినక్స్ కెర్నలే. ఇప్పుడు విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) రెండో వెర్షన్ వేసుకుంటే మైక్రోసాఫ్టే అసలు లినక్స్ కెర్నల్‌ని ఇస్తోంది. ఇంజనీర్లు ఎప్పటి నుంచో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు, అడ్డుగోడలు కట్టుకుంటున్నది లాప్‌టాప్‌ల మీద లోగో స్టిక్కర్లు అంటించుకున్న మనం.

లాంగ్వేజ్‌ల గొడవా అంతే. పైథాన్ వాడితే ప్రోగ్రామర్ కాదు, హెచ్‌టీఎంఎల్ రాస్తే అసలు లెక్కలోకే రాదు, సీ రాకపోతే కంప్యూటర్ అర్థం కానట్టే... ఈ మాటలన్నీ విని విని విసుగొచ్చింది. మనం అందరూ చూసే పెద్ద ప్రాజెక్టుల్లో కూడా ఈ జబ్బు ఉంది. లినక్స్‌ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అంతటి మనిషి 2018 సెప్టెంబర్‌లో తన మాటతీరుకి బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. ఆ మెయిల్ చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. 2024లో, కెర్నల్‌లోకి రస్ట్ అనే లాంగ్వేజ్ తేవడానికి కష్టపడిన వాళ్ళలో ఒక ముఖ్యమైన ఇంజనీర్, టెక్నికల్ కాని గొడవలు భరించే ఓపిక ఇక లేదని చెప్పి వెళ్ళిపోయాడు. కోడ్ కష్టమై కాదు, మనుషులు కష్టమై వెళ్ళిపోయాడు. ఎంత నష్టమో ఆలోచించండి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. మనం లోగోల గురించి వాదించుకుంటున్న ఈ టైములోనే, మన అందరి మెషీన్లనీ నిలబెడుతున్న చిన్న చిన్న లైబ్రరీలని (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్‌ని) ఎవరో ఒంటరిగా, జీతం లేకుండా మోస్తూ ఉంటారు. ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుందా? ఫైళ్ళని కుదించే లైబ్రరీ అది, దాదాపు ప్రతి లినక్స్ డిస్ట్రోలోనూ (మనం వేసుకోవడానికి సిద్ధం చేసిన లినక్స్ రకంలోనూ) ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి చూసుకునేవాడు. 2022లో ఆయన్ని కొందరు పనులు నెమ్మదిగా జరుగుతున్నాయని సాధించడం మొదలుపెట్టారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బులు రాని హాబీ ప్రాజెక్ట్ అని ఆయన చెప్పుకున్నాడు. అయినా ఆగలేదు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒక మనిషి మెల్లగా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, చివరికి తనే మెయింటైనర్ అయ్యి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక బ్యాక్‌డోర్ (దొంగదారి) దాచిపెట్టాడు. అది కొన్ని డిస్ట్రోల్లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవనిచ్చే ప్రోగ్రామ్) దాకా చేరేది. ఆ సాధింపులు కూడా అదే పథకంలో భాగమని చాలామంది అనుమానం.

అది ఎలా దొరికిందో తెలుసా? 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, తను చేస్తున్న టెస్టింగ్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! మనలో ఎంతమందిమి దాన్ని నెట్‌వర్క్ స్లో అని వదిలేసేవాళ్ళం? ఆయన వదల్లేదు, తవ్వుకుంటూ పోయి మొత్తం బయటపెట్టాడు. ఆ రోజు ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో. లినక్స్ సర్వర్లని అంత పెద్ద గండం నుంచి తప్పించిన మనిషి విండోస్ కంపెనీ ఉద్యోగి, ఇది తెలిసిన తర్వాత కూడా ఎవరైనా "నువ్వు ఏ పార్టీ" అని అడుగుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అదేమీ మొదటిసారి కూడా కాదు. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడినప్పుడు, దానికి అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని తెలిసింది. ఇంటర్నెట్‌లో భారీ భాగం ఆ కోడ్ మీద తాళం వేసుకుని నిద్రపోతోంది, ఆ తాళం చూసుకునేవాళ్ళు మాత్రం అప్పట్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

ఈ పోస్ట్ మీరు తెలుగులో చదువుతున్నారు కదా, ఇక్కడ ఒత్తులు సరిగ్గా అక్షరం కింద కూర్చోవడం వెనక కూడా ఇలాంటి పనే ఉంది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో అందరికీ తెలిసొచ్చింది. "జ్ఞా" అక్షరం, మధ్యలో కనపడని ఒక నాన్-జాయినర్ అక్షరంతో (అక్షరాలు కలవకుండా ఆపేది) కలిసి వచ్చినప్పుడు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, యాపిల్ ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది. అప్పుడు అందరూ ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. నాకు మాత్రం, మిగతా రోజుల్లో ఇన్ని వేల అక్షరాల కలయికలు ఏ గొడవా లేకుండా తెర మీదికి వచ్చేలా చూస్తున్నదెవరు అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. ఆ పేర్లు ఏ స్టిక్కర్ మీదా ఉండవు.

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడతానని చెప్పుకోవడం ఒక హోదా కదా, అది తెరవగానే కనిపించే స్క్రీన్ మీద ఉగాండా పిల్లలకి సాయం చేయమని ఒక లైను ఉంటుంది. 1991లో విమ్‌ని విడుదల చేసిన బ్రామ్ మూలెనార్ 2023లో చనిపోయే దాకా దాన్ని చూసుకున్నాడు, డబ్బు ఇవ్వాలనిపిస్తే ఆ పిల్లలకి ఇవ్వమన్నాడు. దాన్ని వాడటం గురించి గొప్పలు పోయే మనలో ఆ లైను చదివినవాళ్ళెంతమంది?

"కష్టపడి నేర్చుకుంటేనే విలువ, అన్నీ నోట్లో పెడితే ఎలా, మాన్యువల్ చదవమనడం తప్పా" అని కొందరు అంటారు, ఆ వాదన నాకు తెలుసు, నేనూ చేశాను. పాయింటర్లు (సీలో మెమరీ అడ్రసులని పట్టుకునేవి) అర్థం కావడానికి నాకు నెలలు పట్టింది, ఆ కష్టం నాకు మేలే చేసింది. ఐడియాతో కుస్తీ పట్టడం వేరు, పక్కవాడు నవ్వుతాడేమోనని ప్రశ్న మింగేసుకోవడం వేరు. రెండోదాంట్లో ఎవరూ ఏమీ నేర్చుకోరు. మాన్యువల్ అంటారా, 1971 నవంబర్‌లో వచ్చిన మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్‌ తీసి చూడండి, చాలా కమాండ్ల కింద "బగ్స్" అని ఒక భాగం ఉంటుంది. ఆ సిస్టమ్‌ని కట్టినవాళ్ళే, మా ప్రోగ్రామ్‌లో ఇక్కడ లోపం ఉంది చూసుకోండి అని అచ్చేసి మరీ చెప్పుకున్నారు. మనకి తెలియదని ఒప్పుకోవడానికి మనం పడే అవస్థ వాళ్ళు పడలేదు.

నాలుగేళ్ళ క్రితం నా దగ్గరికి కూడా ఒక కుర్రాడు వచ్చాడు, గిట్‌లో (కోడ్ మార్పులని దాచి కలిపే టూల్) మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్, అంటే ఇద్దరి మార్పులు గుద్దుకోవడం, ఎలా తీయాలని. "ఇది కూడా రాకపోతే ఎలా బాబూ, డాక్యుమెంటేషన్ చదువు" అన్నాను. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నాను, నిజమే, కానీ అది సాకు. ఆరు నెలల తర్వాత వాడు టెస్టింగ్ వైపు మారిపోయాడు. నా వల్లే అని చెప్పలేను, నా వల్ల కాదని కూడా చెప్పలేకపోతున్నాను. నాకేమో మొదటి ఉద్యోగంలో ఒకాయన దొరికాడు, ఎన్నిసార్లు అడిగినా కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు, తెలియకపోతే "నాకూ తెలియదు, పద చూద్దాం" అనేవాడు. ఈ రోజు నేను ఈ ఫీల్డ్‌లో ఉన్నానంటే ఆ కుర్చీ వల్లే. అలాంటి మనిషి దగ్గర నేర్చుకుని కూడా ఆ కుర్రాడికి నేను ఆ జవాబు ఎలా ఇచ్చానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అందుకే మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఓడీ కమాండ్‌తో ఆ పాత ఫైలులోని అక్షరాలు ఒక్కొక్కటీ తెర మీద పరిచాం. లైను చివర దాక్కున్న క్యారేజ్ రిటర్న్ కనపడగానే "ఓ, ఇదా!" అని కుర్చీలోంచి సగం లేచింది. టెలిటైప్ కథ చెప్పాను, కెర్నల్ మొదటి లైను ఎలా చదువుతుందో చెప్పాను, మొత్తం పావుగంట పట్టింది. విండోస్ తీసేయమని చెప్పలేదు, ఆ అవసరమూ లేదు. సాయంత్రానికి తనే గిట్ సెట్టింగ్స్‌లో షెల్ స్క్రిప్టులన్నీ లైన్ ఫీడ్‌తోనే సేవ్ అయ్యేలా ఒక రూల్ పెట్టి, రీడ్‌మీ ఫైలులో నాలుగు లైన్లు రాసి, రివ్యూకి నాకూ ఆ సీనియర్‌కీ పంపింది. మొదటి లైను ఇలా ఉంది: "ఫైలు ఎదురుగానే ఉన్నా లేదు అని ఎర్రర్ వస్తే మీ తప్పేమీ లేదు, ముందు ఇది చదవండి." ఆయన మారుమాట లేకుండా అప్రూవ్ చేశాడు.